ఇత్తడి రేకు మీద పేరు చూసి చెయ్యెత్తకు

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు వేలంలో పాడాలనుకుంటున్న పాత గుర్రం పెయింటింగు ఫొటో అందింది. గుర్రం బాగుంది. ఫ్రేము కింద ఇత్తడి రేకు మీద ‘ఎక్లిప్స్’ అని చూసినప్పటి నుంచి నీకు నిద్ర పట్టటం లేదని పిన్ని చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

ఇంగ్లండులో ఇన్నేళ్లు పాత బొమ్మలు బాగుచేస్తూ నేను నేర్చుకున్నది ఇదే: రేసు గుర్రం బొమ్మలో అన్నిటికన్నా ఖరీదైనది గుర్రం పేరు. అన్నిటికన్నా సులువుగా తగిలించగలిగేదీ అదే. రెండు చిన్న మేకులు చాలు.

ఎక్లిప్స్ అనే ఇంగ్లీషు రేసు గుర్రం 1764లో సూర్యగ్రహణం నాడు పుట్టింది. 18 పందేలు పరుగెత్తి ఒక్కటీ ఓడలేదు. 1770 ప్రాంతంలో గుర్రాల బొమ్మలకు పేరుమోసిన చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ దాన్ని గుర్రప్పందేల ఊరు న్యూమార్కెట్‌లో నిలబెట్టి వేశాడు. అంత పేరున్న గుర్రం కనక నకళ్లకు, ప్రింట్లకు కొదవ లేదు. కాబట్టి రేకును వదిలేసి కాళ్లు చూడు. ఎక్లిప్స్ ఎర్ర గుర్రం. మొహం మీద తెల్లచార, వెనక కుడికాలు మాత్రం మేజోడు తొడిగినట్టు తెలుపు. నీ ఫొటోలో ఆ కాలు నీడలో పడింది. వెళ్లి వంగి చూడు, ఎవరేమనుకున్నా సరే.

నా కుర్రతనంలో ఒక డీలరు దగ్గర ఇలాంటిదే కొన్నాను. ఇంటికి తెచ్చి గోడకు పెట్టాక చూస్తే తెల్లగా ఉన్నది ఎడమకాలు! బొమ్మ చెక్కిన లోహపు పలక నుంచి కాగితం మీద అచ్చు తీసినప్పుడు బొమ్మ ఒక్కోసారి అద్దంలోలా తిరగబడుతుంది. ఆ ప్రింటు చూసి ఎవరో రంగులు పూశారన్నమాట. మూడు నెలల జీతం పోయింది. మీ పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

తర్వాత బొమ్మ వెనక్కి తిప్పి చూపించమని అడుగు, మొహమాటపడకు. పాత గుడ్డ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, చట్రం అంచున మేకులు తుప్పు పట్టి ఉంటాయి. స్టేపుల్ పిన్నులు కనిపిస్తే ఆ పని ఈ మధ్యదే. అయితే వెనక ఇంకో గుడ్డ అతికించి ఉంటే కంగారు పడకు, చిరిగిన కాన్వాస్‌కు అలా బలం ఇస్తారు. పాత లేబుళ్లు, సుద్దతో రాసిన అంకెలు ఉంటే ఫొటో తీసుకో. బొమ్మ ఎవరెవరి చేతులు మారిందో చెప్పేవి అవే.

భూతద్దంలో చిన్న చిన్న చుక్కలు వరసగా కనిపిస్తే అది వార్నిష్ పూసిన ప్రింటే. చీకటిగదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, దాని మీద తర్వాత దిద్దిన చోట్లు నల్లగా తేలతాయి. తెల్లకాలు ఒక్కటే నల్లగా తేలితే, నాయనా, ఇంక అక్కడి నుంచి లేచి వచ్చెయ్.

కేటలాగులో ‘ఆఫ్టర్ స్టబ్స్’ అని ఉందా? స్టబ్స్ తర్వాత వేసిందని కాదు, స్టబ్స్ బొమ్మకు నకలు అని అర్థం. ‘ఎట్రిబ్యూటెడ్’ అంటే ఆయనదే కావచ్చని వాళ్ల అభిప్రాయం, హామీ కాదు. స్టబ్స్ వేసిన ఇంకో రేసు గుర్రం ‘జిమ్‌క్రాక్’ బొమ్మ 2011లో 2 కోట్ల పౌండ్లు దాటి అమ్ముడుపోయిందని చదివి టెన్షన్ పడకు, ఆ లోకం వేరు. నకలైనా బొమ్మ నచ్చితే నకలు ధరకే పాడు. పాట ధర మీద వేలంవాళ్ల కమిషన్, దాని మీద వ్యాట్ ఉంటాయి, అవి కలుపుకుని హద్దు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు.

కొన్నావే అనుకో, తడిగుడ్డ తాకించకు. బంగాళదుంప ముక్కతో రుద్దితే మెరుస్తుందని ఎవరో ఒకరు చెబుతారు, వినకు. ఇంగ్లండులో అందరూ చేసినట్టు ఫైర్‌ప్లేస్ మీద వేలాడదియ్యకు, వేడికీ పొగకూ రంగు పెచ్చులు లేస్తుంది.

వేలం శనివారమే అన్నావు కదా. శుక్రవారం లోపు నాకు ఇంకో రెండు ఫొటోలు పంపు. ఒకటి వెనకవైపుది, ఒకటి ఆ కాలుది.

మీ బాబాయి