ప్రీడయాబెటిస్ అంటే ఇమ్యూనిటీ తగ్గినట్టా? పొడులు వాడొచ్చా?

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది, అంటే షుగర్ వ్యాధి అంచున ఉన్న ప్రీడయాబెటిస్ అన్నారు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉందన్నారు, ఇమ్యూనిటీ పెంచే పొడి మొదలుపెట్టనా అని అడిగారు కదండీ. వద్దండీ, ఆ డబ్బా కొనకండి. మూడేళ్ల క్రితం నాకు 6.3 వచ్చినప్పుడు నేనూ ఇలాగే అనుకుని రెండు డబ్బాలు పాలల్లో కలుపుకుని తాగాను. రిపోర్టులో మార్పేమీ రాలేదు.

ఎందుకంటే ఇక్కడ రోగనిరోధక శక్తి తగ్గడం లేదు, అక్కర్లేని చోట రెచ్చిపోతోంది. కొవ్వులో మాక్రోఫేజ్‌లనే ఇమ్యూన్ కణాలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. చచ్చిన కణాల్ని మింగి శుభ్రం చేయడం వాటి పని. కొవ్వు కణాలు మరీ ఉబ్బి చనిపోవడం మొదలైతే రక్తంలోంచి ఇంకా వచ్చి చేరతాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే చచ్చిన కొవ్వు కణం చుట్టూ కిరీటంలా మూగి కనిపిస్తాయి. 2003లో వచ్చిన పరిశోధన ప్రకారం సన్నగా ఉన్నవాళ్ల కొవ్వులో ఈ కణాలు నూటికి పది కూడా ఉండవు, బాగా లావైనవాళ్లలో నలభై దాకా ఉంటాయి. ఇవి వదిలే టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి రసాయనాల వల్ల ఇన్సులిన్ ఉన్నా దాని మాట ఒంట్లో కణాలు వినవు, రక్తంలో షుగర్ పెరుగుతుంది.

ఇన్సులిన్ తయారయ్యే పాంక్రియాస్‌లోనూ ఇలాంటి గొడవే జరుగుతుంది. కీళ్లవాతానికి వాడే అనకిన్రా అనే మందు, ఇమ్యూన్ కణాలు వదిలే ఐఎల్-1 అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. 2007లో దాన్ని టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు 13 వారాలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే హెచ్‌బీఏ1సీ 0.46 తగ్గింది, ఇన్సులిన్ ఊరడం మెరుగైంది. అది షుగర్‌కి మామూలుగా రాసే మందు కాదు, మీరు అడగక్కర్లేదు. ఇమ్యూన్ కణాల్ని శాంతింపజేస్తే షుగర్ తగ్గిందన్నదే మనకి ముఖ్యం. (టైప్ 1 వేరు. అందులో ఇమ్యూన్ కణాలు ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్నే చంపేస్తాయి.)

"నేను లావు కాదు కదా" అంటారేమో. నన్నూ అందరూ సన్నగా ఉన్నావనేవారు, 66 కిలోలే. మా ఆవిడ జాకెట్ల కొలతలకి వాడే టేపు నడుముకి చుట్టి చూస్తే 94 సెంటీమీటర్లు! మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడమంటారు. మన ఒళ్లు సన్నగా కనిపించినా కొవ్వు పొట్ట లోపల చేరుతుంది.

నేను రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర ఎక్కువ పెట్టుకున్నాను. తిన్నాక అరగంట వీధి చివరిదాకా నడిచాను. మొదటి నెల చాలా టెన్షన్ పడ్డాను, ఏమీ కదల్లేదు. ఆరో నెలకి నడుము 88, హెచ్‌బీఏ1సీ 5.7. అందరికీ ఇంతే తగ్గుతుందని చెప్పలేను, మందు కావాలో వద్దో మీ డాక్టరే చెప్పాలి.

రేపు పొద్దున పరగడుపున నడుము కొలవండి. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక. అంకె రాసిపెట్టుకుని, మూడు నెలల తర్వాత రక్తపరీక్ష మళ్లీ చేయించండి. హెచ్‌బీఏ1సీ కొలిచేది ఎర్ర రక్తకణాల్లో అంటుకున్న చక్కెరని, అవి బతికేది దాదాపు 120 రోజులు. అందుకే మూడు నెలలకన్నా ముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనిపించదు.