చక్రం వేడెక్కుతోందా? క్యాలిపర్ కొనే ముందు హోసు చూడండి

ప్రశ్న: మాది 2005 నాటి మారుతి ఎస్టీమ్. రోజూ పెదవాల్తేరు నుంచి గాజువాక వెళ్ళి వస్తాను. కొంతకాలంగా బండి ఎడమ వైపుకు లాగుతోంది. ఇంటికి వచ్చాక ఎడమ ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతోంది. క్యాలిపర్ (చక్రంతో తిరిగే డిస్కుకు బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పట్టేసింది, మార్చాలని షెడ్డులో అంటున్నారు. రబ్బరు బ్రేకు హోసుల సంగతి అడిగితే, ఆయిల్ కారడం లేదు కాబట్టి అవి బాగున్నట్టే అన్నారు. కొన్న నాటి నుంచి వాటిని మార్చలేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆయిల్ కారకపోయినంత మాత్రాన హోసు బాగున్నట్టు కాదు. బ్రేకు ఆయిల్‌ను క్యాలిపర్‌కు చేర్చే ఈ హోసులో లోపల ఒక సన్నని రబ్బరు గొట్టం, దాని చుట్టూ గట్టి దారాల అల్లిక, పైన రబ్బరు తొడుగు ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ పై తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి గొట్టం ఉబ్బి దారి మూసుకుపోవచ్చు. మీరు పెడల్ తొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి చాలా ఎక్కువ కాబట్టి ఆయిల్ ఆ ఇరుకులోంచి కూడా క్యాలిపర్‌లోకి దూసుకుపోతుంది. కాలు తీశాక మాత్రం దానిని వెనక్కి పంపడానికి క్యాలిపర్‌లో ప్యాడ్లను నెట్టే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు సాగి వెనక్కి రావడంలోని కొద్దిపాటి బలం తప్ప మరేమీ లేదు. అందువల్ల ఆయిల్ అక్కడే చిక్కుకుని, ప్యాడ్లు డిస్కును వదలవు. పైకి ఇది అచ్చం క్యాలిపర్ పట్టేసినట్టే కనిపిస్తుంది. కొత్త క్యాలిపర్ వేసినా వేడి తగ్గలేదని వాపోయేవారిలో కొందరి కథ ఇదే.

తేల్చుకోవడం కష్టం కాదు. చదునైన చోట బండి నిలిపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి తప్పనిసరిగా స్టాండు మీద ఉంచండి. ఒకరిని పెడల్ నాలుగైదుసార్లు తొక్కి వదలమని, చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే క్యాలిపర్ మీది బ్లీడ్ నిపుల్ (ఆయిల్‌లో చేరిన గాలి తీసే చిన్న మర) కొద్దిగా వదులు చేయండి. అయినా చక్రం తిరగకపోతే లోపం పిస్టన్‌లోనో, క్యాలిపర్ జరిగే పిన్నులలోనో ఉంది. షెడ్డు వారి మాటే నిజం. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే, నిపుల్ బిగించి మళ్ళీ పెడల్ తొక్కించి, ఈసారి ఇనుప పైపు హోసును కలిసే చోట నట్టు వదులు చేయండి. ఇక్కడే చక్రం వదులైతే దోషం పైన మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) వైపు వెతకాలి. ఇక్కడ వదలక, నిపుల్ దగ్గర మాత్రమే వదిలితే హోసు మూసుకుపోయిందని నిశ్చయించుకోవచ్చు.

హోసును పైనుంచి కూడా చూడాలి. బురద కడిగి, టార్చి వెలుగులో ఇనుప మూతి దగ్గర మెల్లగా వంచితే పగుళ్ళు విచ్చుకుని కనిపిస్తాయి. పెడల్ గట్టిగా తొక్కి పట్టినప్పుడు ఎక్కడైనా బుడిపెలా ఉబ్బితే ఆ బండిని ఇక నడపకూడదు. స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, హోసు టైరుకు రాసుకుంటోందేమో చూడండి. సముద్రానికి దగ్గరలో ఉన్నారు కాబట్టి మరొకటి: హోసును పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ ఉప్పు గాలికి తుప్పుపట్టి ఉబ్బి, హోసునే నొక్కేయవచ్చు. అలాంటప్పుడు బ్రాకెట్‌ను శుభ్రం చేయకుండా హోసు మార్చినా మళ్ళీ అదే గతి పడుతుంది.

మీ హోసులు ఇరవై ఏళ్ళు పైబడినవి. పరీక్షలో ఏది తేలినా ముందు చక్రాల హోసులు రెండూ కలిపి మార్చడమే మేలని, వెనక చక్రాలవి కూడా చూపించాలని నా అభిప్రాయం. తయారీ తేదీ ముద్రించిన, మూతులు ఫ్యాక్టరీలోనే బిగించిన హోసునే కొనండి. ముక్క అతికి క్లిప్పు వేస్తామంటే ఒప్పుకోవద్దు. తుప్పు నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ పట్టించి, మామూలు స్పానర్ కాక బ్రేకు పైపుల నట్లకు వాడే ఫ్లేర్ నట్ స్పానర్ వాడమనండి, లేదంటే నట్టు అంచులు అరిగి ఇనుప పైపు కూడా మార్చవలసి వస్తుంది. బోల్టుతో బిగించే మూతికి రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయాలి. క్యాలిపర్‌ను హోసుకు వేలాడదీయకూడదు, హోసు మెలిపడకూడదు. చివరగా ఎయిర్ తీసి, ఇంజను నడుస్తుండగా పెడల్ అరనిమిషం తొక్కి పట్టి, కీళ్ళ దగ్గర తడి ఉందేమో చూడాలి.

బ్రేకు ఆయిల్ కూడా మార్చండి. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. అందుకే ఈ పని పూర్తయ్యేదాకా సింహాచలం కొండ ఎక్కవద్దు: దిగేటప్పుడు అసలే వేడెక్కిన చక్రంలో ఆయిల్ మరిగితే పెడల్ నేలకు తాకుతుంది, బండి మాత్రం ఆగదు.

ప్రశ్న: రబ్బరు హోసులకు బదులు స్టీలు అల్లిక ఉన్నవి వేయించుకోవచ్చా? – ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: వేయించుకోవచ్చు, పెడల్ కాస్త గట్టిగా తగులుతుంది. రోజువారీ నడకకు అంత ఖర్చు అవసరం లేదు. పైగా లోపలి గొట్టం ఎలా ఉందో అల్లిక కనపడనివ్వదు, ఇసుక అందులో దూరి గొట్టాన్ని అరగదీస్తుంది. వేస్తే పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నవే వేయించండి.