1800ల నాటి రైతు కుటుంబం పేర్లు దొరకాలంటే ముందు చేను పేరు అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీ తాతముత్తాతలు నల్లగొండ జిల్లాలో వ్యవసాయం చేసేవాళ్లు. మీ తాత నాయిన పేరు దాకా తెలుసు. అంతకు ముందు, 1800లలో బతికిన వాళ్ల పేర్లు ఏ రికార్డుల్లోనైనా దొరుకుతాయా, ఎక్కడ మొదలుపెట్టాలి?

దొరుకుతాయి. మాది దేవరకొండ వైపు. నాలుగేళ్లు తిరిగి మా నాయినతో కలిపి వెనక్కి ఐదు తరాల పేర్లు పట్టుకున్నాను. అందులో ఏడాదిన్నర తప్పు దారిలో పోయింది. మీకు ఆ నష్టం జరగొద్దనే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

పేరు పట్టుకుని వెతకకండి, భూమిని పట్టుకుని వెతకండి. మన రైతు కుటుంబాల్లో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. మా తాత పేరు, ఆయన తాత పేరు ఒకటే. అన్నదమ్ములిద్దరూ తమ కొడుకులకు తండ్రి పేరే పెట్టుకుంటే ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు మనుషులు ఒకే ఊళ్లో ఉంటారు. నేను బోల్తా పడింది అక్కడే. మా ఊరి పాత రికార్డులో మా ఇంటిపేరు, మా తాత తాత పేరు కనబడగానే సంబరంతో ఇంటికొచ్చి వంశవృక్షం గీసేశాను. చెరువు కింద పద్దెనిమిదెకరాల పట్టా. ఏడాదిన్నర తర్వాత మా నాయిన మేనత్తకు, అప్పటికి ఆమెకు తొంభై దగ్గర, అది చదివి వినిపిస్తే ఒక్క మాటన్నది: "చెర్వు కిందిది మనది కాదు బిడ్డా, అది పాలోళ్లది. మనది రావిబావి కాడిది."

పాలోళ్లంటే దాయాదులు. అంతే, అంతా మళ్లీ మొదటికొచ్చింది. కానీ ఈసారి చేతిలో చేను పేరుంది. రావిబావి చేను ఇప్పటికీ మా దగ్గరే ఉంది కాబట్టి పాసుబుక్కులో దాని సర్వే నంబరు చూశాను. ఆ నంబరే దారి చూపింది. మన దగ్గర పాత సర్వేలో పడ్డ నంబరు చాలావరకు అట్లాగే కొనసాగుతుంది. పంపకాలు జరిగినప్పుడు పక్కన అ, ఆ, ఇ అని చేరుతుందే తప్ప మూల నంబరు అదే. మనుషులు పోయినా, పేర్లు కలిసిపోయినా నంబరు నిలుస్తుంది.

ఇప్పుడు వెనక్కి ఎట్లా పోవాలో చెప్తాను. మొన్నటిదాకా ఉన్న ధరణిలోగానీ, దాని బదులు 2025లో వచ్చిన భూభారతిలోగానీ, ఈ ఆన్‌లైన్ భూరికార్డుల్లో కనబడేది ఈ కాలం సంగతే. దాన్నుంచి నంబరు తీసుకుని 1954–55 ఖాస్రా పహాణీకి పోండి. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడు ఊరూరా తయారుచేసిన పహాణీ అది. పట్టాదారు ఎవరు, నిజంగా దున్నుతున్నది ఎవరు అని విడివిడిగా రాసి ఉంటుంది. తర్వాత మూడేళ్లది చేసాల పహాణీ. మీ తాతగారు గానీ, ఆయన నాయిన గానీ అందులో దొరకాలి. ఖాస్రాకు ముందువి వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ అనే లెక్కలు. ఎవరి పేరు మీద ఎంత శిస్తు పడింది, పట్టాదారు చనిపోతే విరాసత్ (వారసత్వం) ఎవరికి అయింది అన్నది వాటిలో తెలుస్తుంది. అన్నిటికీ అడుగున ఉండేది సేత్వార్. ఊరిని మొదట సర్వే చేసి బందోబస్తు (శిస్తు నిర్ణయం) చేసినప్పుడు నంబరువారీగా రాసిన మూల రికార్డు.

మీకు కావలసిన 1800లు ఆ సేత్వార్‌లోనే ఉంటాయి. మా ఊరి సేత్వార్ మీద ఫసలీ 1314 అని ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే మన లెక్కకు వస్తుంది. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరులో, ఆజూరు నెలతో మొదలయ్యేది కాబట్టి అది 1904–05. ఇరవయ్యో శతాబ్దం కదా అని నిరాశపడకండి. రావిబావి నంబరు ఎదురుగా మా ముత్తాత నాయిన పేరు, పక్కన "వల్ద్" అని ఆయన తండ్రి పేరు ఉన్నాయి. వల్ద్ అంటే ఫలానావాడి కొడుకు అని. 1904 నాటికి పట్టా ఉన్న సంసారి అంటే సుమారు 1865–70 మధ్య పుట్టి ఉంటాడు, ఆయన తండ్రి ఇంకో పాతిక ముప్పై ఏళ్లు ముందు. ఒక్క వరసలో రెండు తరాలు. ఆ తండ్రి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మా నాయిన కూడా అప్పుడే మొదటిసారి విన్నాడు.

అంతకన్నా వెనక్కి సామాన్య రైతు పేరు పట్టుకోవడం చాలా కష్టం. దానికి కారణం ఉంది. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి శిస్తు వసూలు గుత్తకు పాడుకున్నవాళ్ల చేతుల్లో ఉండేది. సర్కారుకు కావలసింది గుత్తేదారు కట్టే మొత్తమే, ఏ రైతు ఎంత కట్టాడన్నది కాదు. 1865లో జిల్లాబందీ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టడం, వచ్చి ఆ తర్వాత సర్వేలు జరిగాకే రైతు పేరు సర్కారు కాగితం మీదికి ఎక్కింది. 1881లో హైదరాబాద్ రాజ్యంలో మొదటి జనగణన జరిగిన మాట నిజమే గానీ, అచ్చయిన పుస్తకాల్లో ఉండేవి లెక్కలే, మీ వాళ్ల పేర్లుండవు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న రాష్ట్ర పురాభిలేఖాగారంలో (ఆర్కైవ్స్‌లో) మొగలుల కాలం నుంచి ఫర్మానాలు, దఫ్తర్లు ఉన్నాయి. మీది జాగీరు ఊరో ఇనాం భూమో అయితే అక్కడికి పోవడం దండగ కాదు. మామూలు పట్టా రైతు అయితే మాత్రం ముందు తహసీల్దారు ఆఫీసు, కలెక్టరేటు రికార్డు రూము.

పోయేముందు మీ ఊరు ఏ తాలూకా కింద ఉండేదో తెలుసుకోండి. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, తర్వాత 2019లో నారాయణపేట వచ్చాయి. పాత కట్టలు కొన్ని కొత్త ఆఫీసులకు పోయాయి, కొన్ని పోలేదు. నన్ను ఒక ఆఫీసులో "ఇక్కడ లేవు, అక్కడ అడుగు" అన్నారు, అక్కడికి పోతే మళ్లీ మొదటి ఆఫీసుకే పంపారు. చివరికి సమాచార హక్కు చట్టం కింద ఊరి పేరు, పాత తాలూకా, సర్వే నంబరు, ఏ రికార్డు కావాలో స్పష్టంగా రాసి దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లోపే కబురొచ్చింది. "మా వంశం వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఎవరూ ఇవ్వలేరు. "ఫలానా నంబరు సేత్వార్ నకలు" అంటే ఇస్తారు.

పాలమూరు వైపు ఊరైతే ఇంకో సంగతి. వనపర్తి, గద్వాల, కొల్లాపూరు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాల కింద చాలా ఊళ్లుండేవి. అక్కడ లెక్కలు సంస్థానం వాళ్లే చూసుకునేవాళ్లు. జాగీర్లు 1949లో రద్దయ్యేదాకా జాగీరు ఊళ్లదీ వేరే లెక్కే, సర్వే కూడా చాలాచోట్ల ఆలస్యంగా జరిగింది. ఇక నల్లగొండలో 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటంలో ఎన్నో ఊళ్లలో దొరల ఇళ్లలోని అప్పుపత్రాలు, పట్వారీ లెక్కలు జనం తగలబెట్టారు. వాళ్లు ఎందుకు కాల్చారో తెలుసు కాబట్టి ఆ బూడిద గురించి నేను బాధపడను. మీ ఊరి కాగితాలు లేకపోతే కారణం అది కావచ్చని మాత్రం గుర్తుపెట్టుకోండి. నాగార్జున సాగర్ కింద మునిగిన ఊరైతే నష్టపరిహారం అవార్డు కాగితాల్లో సర్వే నంబర్లతో సహా పేర్లుంటాయి.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు లెక్కలన్నీ సర్కారుకు అప్పగించాలి. అన్నీ అప్పగించలేదు. మా పక్క ఊరి పట్వారీ గారి మనవడింట్లో అటక మీద ఇనుప పెట్టెలో బట్టలో కట్టిన దస్త్రాలు నేను కళ్లారా చూశాను. మర్యాదగా పోయి, కూర్చుని, ఎందుకొచ్చారో చెప్పి అడగండి.

చదవడం ఇంకో పని. దివానీ, అంటే నేరుగా నిజాం సర్కారు కింద ఉన్న ఊళ్ల కాగితాలు 1880ల దాకా ఫారసీలో, ఆ తర్వాత ఉర్దూలో. రాత గొలుసుకట్టు షికస్తా, అంకెలకు బదులు చాలాచోట్ల రఖం గుర్తులు. ఇప్పుడు ఉర్దూ చదివేవాళ్లలో కూడా ఇది అందరికీ రాదు. నాకు ఒక రిటైర్డు ఉర్దూ సారు దొరికారు. నకలు బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి, వేలు కదిపిన చోటల్లా ఆగి చదివారు. తొందరలో రాసిన గుమాస్తా చుక్కలు పెట్టకుండా వదిలేస్తే పుల్లయ్య, యల్లయ్య ఒక్కలాగే కనబడతాయని ఆయనే చూపించారు. అందుకే ఒక పేరు మీద అనుమానం వస్తే అదే నంబరుకు ఇంకో ఏడాది లెక్కలో చూడాలి. ఖుష్కి అంటే మెట్ట, తరి అంటే నీటి కింది భూమి, శిక్మీ అంటే పట్టాలో వాటాదారు, ఫౌత్ అంటే చనిపోయినట్టు. ఈ నాలుగు మాటలు నేర్చుకుంటే సగం పని అయినట్టే.

శిక్మీ, కాస్తు (సాగు) కాలమ్‌లు వదలకండి. మీ వాళ్లు పట్టాదారుల్లో కనబడకపోతే ఊళ్లో లేరని అనుకోవద్దు. దున్నినవాడొకడు, పట్టా ఇంకొకడిది అన్నది మన జిల్లాల్లో తరతరాల కథ. 1950 కౌలు చట్టం కింద రాసిన రక్షిత కౌలుదారుల జాబితాలో అట్లాంటి కుటుంబాల పేర్లున్నాయి. ఊరి సేవ చేసిన కులాల వాళ్లకు బలోతా ఇనాం కాగితాలు చూడాలి. నా మిత్రుడొకాయన తాతల పేర్లు పట్టాల్లో ఎక్కడా లేవు, ఆ కౌలుదారుల జాబితాలోనే దొరికాయి.

కాగితాల కన్నా ముందు ముసలివాళ్లను కలవండి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. మా నాయిన మేనత్త ఆ మాట చెప్పిన ఏడాదికే పోయింది. వాళ్లు సన్లు చెప్పరు, సంవత్సరం పేరు చెప్తారు. "వికారి కరువుల మా నాయిన చంటిపోరడంట" అన్నది ఆమె. వికారి అంటే 1899–1900. దక్కన్ అంతా కరువు పడ్డ ఏడాది. ఎవరైనా ధాత కరువు అంటే 1876–77. అవే పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి మనిషి వయసుతో సరిచూసుకోండి.

రెడ్లు, కాపుల ఇళ్లకు గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పడానికి కల్లాల మీదికి వచ్చే పిచ్చకుంట్ల వాళ్లు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, వాళ్లనూ అడగండి. గొల్లలకు మందెచ్చుల వాళ్లు, పద్మశాలీలకు కూనపులి వాళ్లు అట్లాగే ఉన్నారు. మా ఇంటికొచ్చే ఆయన ఏడు పేర్లు వరసగా పాడాడు. అందులో మూడు కాగితాలతో సరిపోయాయి. మిగిలినవాటిని నేను వంశవృక్షంలో పెన్సిల్‌తోనే రాసుకున్నాను.

ఇంకొక జాగ్రత్త. మీరు పాత పహాణీలు తీస్తున్నారని తెలిస్తే పాలోళ్లు టెన్షన్ పడతారు. భూముల ధరలు పెరిగాక ఇది మరీ ఎక్కువైంది. మా చిన్నతాత కొడుకు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు, వాటా అడగబోతున్నానని ఎవరో చెప్పారట. నకళ్లన్నీ తీసుకుపోయి ఆయన ముందే పెట్టి, వాళ్ల శాఖ కూడా గీసి చూపించాకే నమ్మాడు. ఆ తర్వాత వాళ్లింట్లో ఉన్న హాలీ రూపాయల (నిజాం నాణేల) నాటి శిస్తు రశీదులు ఆయనే తెచ్చిచ్చాడు. మీరు ముందే చెప్పి మొదలుపెట్టండి.

ఆడవాళ్ల పేర్లు ఈ రికార్డుల్లో దాదాపు ఉండవు. నాలుగేళ్లలో నన్ను బాగా బాధపెట్టింది ఇదే. ఒక్కచోట మాత్రం దొరికింది. ఫసలీ 1317 లెక్కలో రావిబావి నంబరు ఎదురుగా మా ముత్తాత నాయిన పేరు దగ్గర ఫౌత్ అని ఉంది. ఆయన గత్తరలో (కలరాలో) పోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. దాని కింద ఒక ఆడమనిషి పేరు, పక్కన "బేవా". బేవా అంటే భర్త పోయినామె. కొడుకు ఎనిమిదేళ్లవాడు కాబట్టి పట్టా ఆమె పేరు మీదికి వచ్చింది. సారు ఆ పేరు ఒకసారి చదివారు. నేను మళ్లీ చదవమన్నాను. అది మా మేనత్త పేరు. ఆ పేరెందుకు పెట్టారని చిన్నప్పుడు అడిగితే "పెద్దల పేరు" అనేవాళ్లు, ఏ పెద్దలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ నకలు మా మేనత్తకు తీసుకుపోయి ఇచ్చాను. ఉర్దూ రాకపోయినా ఆ పేరున్న చోటు చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

మీ ఊరు పాత ఏ తాలూకాలో ఉండేది, దివానీ ఊరా జాగీరా, ఇంట్లో చెప్పుకునే చేను పేరు ఏమిటి అన్నవి కనుక్కుని రాయండి. అవి తెలిస్తే ఏ రికార్డు ముందు అడగాలో చెప్పగలను.