రేవుకు కాపు కాసే కొండ

ప్రశ్న: విశాఖ రేవుకు డాల్ఫిన్స్ నోస్ కొండే ఆధారమంటారు, నిజమేనా? దాన్ని ఎక్కడినుంచి చూడాలి?

జవాబు: నిజమే, కానీ కొండ ఒక్కటే సరిపోలేదు. నైరుతి గాలుల కాలంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకొస్తాయి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఈ కొండ అలల తాకిడిని కాస్తుంది గానీ, ఇసుక దాని ముక్కు చుట్టూ తిరిగొచ్చి ఓడల కాలువను పూడుస్తుంది. అందుకే రేవు కట్టేటప్పుడు జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్టగా చేశారు. లోపలి రేవు 1933లో మొదలైంది. నేటికీ ఇసుక తవ్వక తప్పదు. తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు పోయకపోతే అక్కడి తీరం కోసుకుపోతుంది.

ఈ కొండది ఖోండలైట్ రాయి. విరిగిన ముక్కను దగ్గరగా చూడండి, గార్నెట్ అనే ఖనిజపు ఎర్రటి గింజలు కనిపిస్తాయి. వానకు, ఉప్పుగాలికి వాటిలోని ఇనుము తుప్పుపట్టే రాయికి ఆ ఇటుక రంగు.

కొండ మొత్తం ఆకారం కావాలంటే కైలాసగిరి ఎక్కండి. పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నం దాటితే ఎండ కొండ వెనక్కి పోయి రాళ్ల మడతలు తెలియవు. కొండమీది లైట్‌హౌస్ 1957 నాటిది. పక్కన నౌకాదళ స్థావరం ఉంది కనుక ఫొటోలకు ముందుగా అనుమతి అడగండి. కొండకు అవతలి యారాడ బీచ్‌లో మాత్రం ఈతకు దిగొద్దు.