వంటింటి ఉత్తరాలు: జర్మనీ పెట్టెలో ఏం సర్దాలి?

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే నెల ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్తోంది. మాది ఒంగోలు. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. దానికి చారు, పప్పు లేనిదే ముద్ద దిగదు. నెయ్యి, కందిపొడి, పచ్చి కరివేపాకు, ఆవకాయ, ఇంగువ అన్నీ కట్టి పంపుదామని నేను. 'అక్కడ అన్నీ దొరుకుతాయి, ఎందుకీ మోత' అని మావారు. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: ఆయన మాట అబద్ధం కాదమ్మా. అన్నీ దొరుకుతాయి. ఏ పేరుతో దొరుకుతాయో తెలియకపోతేనే తంటా.

మావారి ఉద్యోగం వల్ల నేను 1998లో స్టుట్‌గార్ట్ వెళ్లాను. అప్పటికి యూరో నోట్లు రాలేదు, చేతిలో మార్కులే. మల్లేశ్వరంలో కొన్న జీలకర్ర పొట్లం నెల తిరక్కుండానే అయిపోయింది. సూపర్‌మార్కెట్లో 'క్యుమ్మెల్' అని రాసున్న సీసా కనబడింది. చూడ్డానికి అచ్చం జీలకర్రే, కాకపోతే గింజ కాస్త నల్లగా, కొడవలిలా వంకరగా ఉంది. తెచ్చి చారులో పోపు పెట్టాను. చిటపటమనగానే ఇల్లంతా బేకరీ వాసన! అక్కడి నల్ల రొట్టెల్లో వేసేది అదేనట. మావారు ఒక ముద్ద కలుపుకుని, 'ఇది చారా, రొట్టె కషాయమా?' అన్నారు. మన జీలకర్రని వాళ్లు 'క్రొయిత్స్‌క్యుమ్మెల్' అంటారు. టర్కీ వాళ్ల కొట్లో అయితే 'కిమ్యోన్'. ఈ రెండు మాటలూ మీ అమ్మాయి ఫోన్లో రాసి పెట్టండి. టర్కీ కొట్టు ఎక్కడుందో ముందే చూసుకోమనండి. కొత్తిమీర కట్టలు, ఎర్ర కందిపప్పు, సెనగలు అక్కడ బాగుంటాయి. కొత్తిమీర పక్కనే పార్స్లీ కట్టలుంటాయి, కవల పిల్లల్లా. ఒక ఆకు నలిపి వాసన చూశాకే బుట్టలో వేసుకోవాలి.

నా రెండో పొరపాటు ఆవకాయ. ఏషియన్ కొట్లో రెండు పచ్చి మామిడికాయలు దొరికాయని సంబరపడి, అక్కడే నువ్వుల నూనె కూడా కొన్నాను. తేనె రంగులో ముదురుగా ఉంటే గానుగ నూనె కాబోలు అనుకున్నాను. చైనా వంటల్లో వాడే ఆ నూనె వేయించిన నువ్వుల్ని ఆడించి తీసేది. వంటంతా అయ్యాక పైన రెండు చుక్కలు వేసుకోవడానికే. అందులో ఆవకాయ ముంచితే మాడిన చిమ్మిలి నంజుకున్నట్టుంది. మళ్లీ మామిడికాయలు కనబడేసరికి ఏడాది పట్టింది. మీరు ఆవకాయ ఇక్కడే పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టి చెక్-ఇన్ పెట్టెలో పంపండి. దీని విషయంలో మీవారి మాట వినకండి.

నెయ్యి మాత్రం వద్దు. యూరప్ యూనియన్ దేశాల్లోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తీసుకెళ్లనివ్వరు. నెయ్యి పాల పదార్థమే. పచ్చి కరివేపాకుకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. రెమ్మలు దూసి, కడిగి, నీడలో ఎండబెట్టి పొడి చేసి ఇవ్వండి.

నెయ్యి లేదని బెంగ పెట్టుకోకండి. అక్కడ వెన్న పావుకిలో కట్టలుగా వస్తుంది. అందులో 'జావర్‌రామ్' అని రాసి ఉన్నది తీసుకోమనండి. అది పులిసిన మీగడ నుంచి తీసిన వెన్న, మన చల్ల చిలికిన వెన్నకు దగ్గర. దళసరి గిన్నెలో వేసి సన్న సెగ మీద పెట్టాలి. ముందు నురుగు పొంగుతుంది, టపటపమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు తగ్గి, అడుగున గసి గోధుమ రంగుకు తిరుగుతున్నప్పుడు నాలుగు మెంతులు వేసి పొయ్యి కట్టేయాలి. మా అమ్మ మునగాకు వేసేది, నాకు స్టుట్‌గార్ట్‌లో మునగచెట్టు ఎక్కడ? మెంతులతో కానిచ్చేశాను. ఇప్పుడు బెంగళూరులో ఉన్నా మెంతులే వేస్తున్నాను.

పెట్టెలో బరువు మిగిలితే ఎండుమిర్చి పెట్టండి. కారానికి గుంటూరువి, రంగుకు బ్యాడగివి, రెండూ తొడిమలతోనే. హావేరి జిల్లా బ్యాడగి మిర్చి మీకు ఏ కిరాణా కొట్లోనైనా దొరికేదే. ఇంగువ పెట్టండి కానీ డబ్బా మీది అక్షరాలు చదవండి. మనం కొనే ఇంగువలో చాలావరకు గోధుమ పిండో మైదానో కలిపి ఉంటుంది. రూమ్మేట్‌కు గోధుమ పడకపోతే ఆ సంగతి చెప్పి వాడాలి. అన్నట్టు ఇంగువ మన దేశంలో పండేది కాదు, అఫ్గానిస్తాన్, ఇరాన్ నుంచి వచ్చేది. హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొక్క నాటింది 2020లోనే.

కందిపొడి కిలోలు కిలోలు దంచి పంపకండి. రెండు నెలల్లో వాసన పోయి మట్టిలా అవుతుంది. ఒక చిన్న సీసా ఇచ్చి, చేయడం నేర్పండి. కప్పు కందిపప్పు, పావు కప్పు పుట్నాలు, ఎనిమిది ఎండుమిర్చి, చెంచా జీలకర్ర, ఉప్పు. కందిపప్పు ఎర్రగా, కమ్మటి వాసన వచ్చేదాకా ఓపిగ్గా వేయించడమే దాని కిటుకు. మిక్సీ గురించి టెన్షన్ పడకండి. జర్మనీలో కరెంటు మన లాగే 230 వోల్టులు, ప్లగ్గుకు అడాప్టర్ ఉంటే చాలు. అయితే ఆ బరువు మోయడం కంటే అక్కడ కాఫీ గింజల గ్రైండర్ కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: దుబాయ్‌లో ఉన్న చెల్లికి కూరల్లోకి గసగసాలు పంపవచ్చా?
– ఒక అన్నయ్య, కె.ఆర్.పురం

జవాబు: వద్దు బాబూ, ఒక్క గింజ కూడా. అక్కడ గసగసాలు నిషేధం. సింగపూర్‌లోనూ అంతే. ఇంట్లో కొట్టిన మసాలాలో కలిపి ఉన్నా పంపకూడదు. కూర చిక్కబడాలంటే నానబెట్టిన జీడిపప్పు, కొబ్బరి నూరి వేసుకోమనండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. బెళ్లందూరులో కూరగాయలమ్మే ఆవిడ గోంగూర అంటే తెలియదంటోంది. మా అన్నకేమో లండన్‌లో దొరుకుతోందట! ఇదేం న్యాయం?
– ఒక బ్యాచిలర్

జవాబు: 'పుండి సొప్పు' అని అడుగు నాయనా. ఉత్తర కర్ణాటక వాళ్లు జొన్నరొట్టెతో తినే పుండి పల్య మన గోంగూరే. ఎర్ర కాడ ఉన్నది తీసుకో, పులుపు ఎక్కువ. మీ అన్న విషయానికొస్తే, బర్మా వాళ్లు కూడా గోంగూర ప్రియులే, వాళ్లు 'చిన్ బాంగ్' అంటారు. అక్కడ ఇండియన్ కొట్లో అయిపోయిన రోజున బర్మా కొట్టు వెతుక్కోమను. ఆకు కడిగాక గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టకుండా నూనెలో వేయకు. పోయిన వారం తొందరపడి వేశాను, చేతి మీద బొబ్బ ఇంకా మానలేదు.