ధోనీ అంటే ఆ రనౌట్ ఒక్కటేనా?

"గొప్ప ఆటగాడి ఆఖరి క్షణం అతని మొత్తం కెరీర్‌ని కమ్మేస్తుందా?" అని ఒకరు అడుగుతూ, 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో ధోనీ రనౌట్‌ని ఉదాహరణగా పెట్టారు. ఆ పేరు చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ఆటని ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చూసేవాళ్ళకి కమ్మేస్తుంది. మొదటి నుంచి చూసినవాళ్ళకి కమ్మేయదు. నేను మొదటి నుంచి చూశాను. 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్తాన్‌తో వన్డే జరిగినప్పుడు మధురవాడ దగ్గర స్టేడియంలో, పైన కప్పులేని గ్యాలరీలో కూర్చున్నాను.

అప్పటికి నా ఇంటర్ పరీక్షలు అయిపోయి ఎంసెట్ కోచింగ్ నడుస్తోంది. ఆ రోజు క్లాసు ఎగ్గొట్టించి తీసుకెళ్ళింది మా బాబాయే. ఆయనకి సచిన్ అంటే ప్రాణం. టికెట్ల కోసం రెండు రోజులు తిరిగాడు. గేటు దగ్గర మంచినీళ్ళ బాటిల్ లాగేసుకున్నారు, లోపలేమో నీళ్ళ ప్యాకెట్టుకి నోటికొచ్చిన రేటు చెప్పారు. ఏప్రిల్ ఎండలో కుటుంబాలతో వచ్చినవాళ్ళ దగ్గర తాగే నీళ్ళు లాక్కోవడం ఏం భద్రతో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సిమెంటు మెట్లు కాలిపోతుంటే పేపరు పరుచుకుని కూర్చున్నాం.

ఆట మొదలైన కాసేపటికే సచిన్ 2 పరుగులకి రనౌట్. అంత పెద్ద స్టేడియం ఒక్కసారిగా చప్పబడిపోయింది. బాబాయి జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని "పదరా, పోదాం" అన్నాడు. నిజంగానే లేచి నిలబడ్డాడు కూడా. ద్రవిడో గంగూలీయో వస్తారనుకుంటే, భుజాల దాకా జుట్టు పెంచుకున్న కుర్రాడొకడు వస్తున్నాడు. "ఈ జుట్టోడెవడ్రా?" అన్నాడు బాబాయి. కీపర్ అని చెప్పాను. అంతకుముందు ఆడిన నాలుగు వన్డేల్లో కలిపి అతను కొట్టింది 22 పరుగులు. మొదటి మ్యాచ్‌లో అయితే సున్నాకే రనౌట్. అలాంటివాడిని కెప్టెన్ గంగూలీ మూడో నంబర్‌లో పంపాడు.

తర్వాత జరిగింది మాటల్లో చెప్పడం కష్టం. బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు మా మెట్ల దాకా వినిపించేది. టీవీలో ఆ చప్పుడు రాదు. పక్కన సెహ్వాగ్ కొడుతున్నా జనం చూపు ఇతని మీదే. 123 బంతుల్లో 148. భారత కీపర్లలో అప్పటికి అదే అత్యధిక స్కోరు. మన జట్టు 356 చేసి 58 పరుగులతో గెలిచింది. వెళ్ళిపోదామని లేచిన బాబాయి మళ్ళీ కూర్చున్నది ఎప్పుడో నేను గమనించలేదు. తిరిగి వచ్చేటప్పుడు హనుమంతవాక దాకా బస్సులో నిలబడే ఉన్నాం, జనం దారి పొడవునా ఆ జుట్టు గురించే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఆ రనౌట్ సంగతి. 2019 జులై 10, మాంచెస్టర్. న్యూజిలాండ్ 239 చేసింది. మనవాళ్ళు రోహిత్, రాహుల్, కోహ్లీ తలా ఒక్క పరుగు చేసి వెళ్ళిపోయారు, 5కి 3 వికెట్లు. ఓడింది అక్కడే! అయినా ఆ మూడు వికెట్ల వీడియో ఎవరూ పంచుకోరు. 92కి 6 వికెట్లు పడ్డాక జడేజా, ధోనీ కలిసి 116 జోడించారు. చివరి రెండు ఓవర్లకి 31 కావాలి. న్యూజిలాండ్ బౌలర్ ఫెర్గూసన్ వేసిన మొదటి బంతికి ధోనీ సిక్స్ కొట్టాడు. మూడో బంతి లెగ్ సైడ్‌కి వెళ్ళింది. ఒక పరుగు పూర్తవగానే ధోనీకి 50 అయ్యాయి. కానీ జడేజా అవుటవడంతో అవతల ఉన్నది బౌలర్ భువనేశ్వర్, ఆగిపోతే తర్వాతి బంతి అతనే ఆడాలి. అందుకే రెండో పరుగుకి తిరిగాడు. న్యూజిలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతి నేరుగా వికెట్లకి తగిలింది. ముప్పై ఎనిమిది నిండి మూడు రోజులైన మనిషి అతను. అలసిపోయి అవుటైనట్టు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్ట్రైక్ తన దగ్గర ఉంచుకోవడానికి పరిగెత్తాడు. పదిహేనేళ్ళు చేసిన పనే ఆ రోజూ చేశాడు.

మొదట నెమ్మదిగా ఆడాడు, 72 బంతులు తిన్నాడు అనేవాళ్ళున్నారు. 24కి 4 వికెట్లు పోయిన రోజున ఎవరో ఒకరు నిలబడాలి కదా. రనౌటైన ఆ బంతికి సర్కిల్ (పిచ్ చుట్టూ గీసిన గీత) బయట ఉండాల్సినవాళ్ళ కంటే ఎక్కువగా ఆరుగురు ఫీల్డర్లు ఉన్నారు, అది నో బాల్ అని ఇంకో గోల. నో బాల్ అయినా రనౌట్ రనౌటే, రూల్ అదే. ధోనీని వెనకేసుకు రావడానికి అలాంటి వాదనలు అక్కర్లేదు. అసలు ఏడో స్థానం దాకా అతన్ని ఆపకుండా ముందే పంపి ఉంటే గెలిచేవాళ్ళం అన్నది నా గట్టి నమ్మకం. విశాఖలో గంగూలీకి తట్టింది అక్కడ ఎవరికీ తట్టలేదు.

ఇంకో మాట. అదే గప్టిల్ నాలుగు రోజుల తర్వాత లార్డ్స్ ఫైనల్లో, సూపర్ ఓవర్ (స్కోర్లు సమమైతే ఆడించే అదనపు ఓవర్) చివరి బంతికి, రెండో పరుగు కోసం పరిగెడుతూ రనౌటయ్యాడు. కప్పు ఇంగ్లండ్‌కి పోయింది. ఆ రోజు అతన్ని చూసి నాకు బాధే కలిగింది.

ఏడాది తర్వాత, 2020 ఆగస్టు 15న, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు పెట్టి ధోనీ తప్పుకున్నాడు. వీడ్కోలు మ్యాచ్ లేదు. దేశానికి ఆడిన ఆఖరి బంతిగా ఆ రనౌటే మిగిలింది. తర్వాత ఐపీఎల్‌లో చెన్నైకి కప్పులు గెలిపించాడు, కానీ నీలం జెర్సీ వేరు. మొన్న పదేళ్ళ మా మేనల్లుడు ఫోన్ చూపించి "మావయ్యా, ఈ రనౌట్ వల్లే కదా కప్పు పోయింది?" అన్నాడు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని విశాఖ ఇన్నింగ్స్ వెతికి పెట్టాను. వీడియో మసగ్గా ఉంది, ఆ చప్పుడూ సరిగా వినబడలేదు. అయినా వాడు మధ్యలో లేవలేదు.

ఆ సెమీఫైనల్ రోజు రాత్రి బాబాయి విశాఖ నుంచి ఫోన్ చేశాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి "రెండో పరుగు ఉందిరా. వాడు తిరిగాడంటే ఉన్నట్టే" అని పెట్టేశాడు.