సీసాలు లెక్కపెట్టే ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. పీహెచ్‌డీలో చేరుతుందనుకుంటుంటే, ఒక పెద్ద పరిశోధన సంస్థలో కెమికల్ సేఫ్టీ విభాగంలో ఉద్యోగం వచ్చింది, వెళ్తానంటోంది. "ఇంత చదివి సీసాలు లెక్కపెట్టుకోవడమా?" అంటున్నారు మావాళ్లు. నా భయం వేరే. రోజూ విషాల మధ్య తిరగాలి కదా. ఏం చెప్పమంటారు? - ఒక తండ్రి

జవాబు: సీసాలు లెక్కపెట్టడం ఉంటుందండీ, కాదనను. వందల గదులున్న సంస్థలో ఏ గదిలో ఏ రసాయనం ఎంత ఉందో తెలియకపోతే, మంటలు లేచిన రోజున ఫైర్ సిబ్బందికి చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే సీసా గేటు దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి వ్యర్థంగా బయటికి పోయేదాకా దానికో లెక్క ఉంటుంది. అయితే లెక్కపెట్టడానికి కెమిస్ట్ అక్కర్లేదు. ఏ సీసా పక్కన ఏది ఉండకూడదో చెప్పడానికి కావాలి.

ఒక అర మీద 'యాసిడ్లు' అని చీటీ ఉందనుకోండి. అందులో నైట్రిక్ యాసిడ్, పక్కనే గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్. రెండూ యాసిడ్లే, చీటీ తప్పు కాదు. కానీ ఎసిటిక్ యాసిడ్ మండే గుణమున్న సేంద్రియ పదార్థం, నైట్రిక్ యాసిడ్ బలమైన ఆక్సిడైజర్, అంటే ఇతర పదార్థాలను మండించే గుణమున్నది. సీసాలు పగిలి రెండూ కలిస్తే మంట పుట్టొచ్చు. అక్షరక్రమంలో సర్దినవాళ్లకు అర అందంగా కనిపిస్తుంది. మీ అమ్మాయికి అక్కడ రియాక్షన్ కనిపించాలి.

వ్యర్థాల సీసా దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. సాయంత్రం పని ముగించుకుని ఒకరు మిగిలిన నైట్రిక్ యాసిడ్‌ను ఖాళీ సీసాలో పోసి మూత గట్టిగా బిగిస్తారు. ఆ సీసా అడుగున అంతకుముందు వాడిన ఆల్కహాల్ కొద్దిగా మిగిలి ఉంటుంది. ఆ పూటకు ఏమీ జరగదు. రియాక్షన్ నెమ్మదిగా మొదలై, వాయువులు పుట్టి, ఒత్తిడి పెరిగి ఏ అర్ధరాత్రో సీసా పేలుతుంది. పొద్దున వచ్చేసరికి ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగేసే గూడు) నిండా గాజుపెంకులు. ల్యాబుల్లో మళ్లీ మళ్లీ జరిగే ప్రమాదాల్లో ఇదొకటి. ఆపడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు: నైట్రిక్‌కు విడిగా సీసా, గాలి పోయే మూత, పోసిన ప్రతిసారీ ఏం పోశారో రాసే లేబుల్. కానీ నలభై ల్యాబుల్లో ఆ అలవాటు నిలబెట్టాలంటే ఒక మనిషి దాని వెంటే ఉండాలి.

నేను ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో బీరువా వెనక వరసలో తేదీ లేని డైఈథైల్ ఈథర్ సీసా ఒకటి బయటపడింది. గాలి తగిలి నిల్వ ఉన్న ఈథర్‌లో పెరాక్సైడ్లనే పేలే పదార్థాలు తయారవుతాయి, మూత తిప్పిన రాపిడికే పేలిన సందర్భాలున్నాయి. మూత చుట్టూ తెల్లటి పలుకులు కనబడేసరికి ఎవరూ ముట్టుకోలేదు. గది ఖాళీ చేయించి, నిపుణులను పిలిపించేసరికి ఆ రోజు పని మొత్తం ఆగిపోయింది. తెరిచిన రోజున సీసా మీద తేదీ వేసి ఉంటే సరిపోయేది.

ఇక మీ భయం సంగతి. అది ఉత్తదని చెప్పను. కారెన్ వెటర్‌హాన్ అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో విషలోహాల మీద పరిశోధన చేసిన ప్రొఫెసర్. 1996 ఆగస్టులో ఫ్యూమ్ హుడ్‌లోనే, గ్లోవ్స్ వేసుకునే పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషద్రవం చుక్కలు కొన్ని చేతి మీద పడ్డాయి. లేటెక్స్ గ్లోవ్స్‌ను ఆ ద్రవం క్షణాల్లో దాటిపోతుందని తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. నెలల తర్వాత లక్షణాలు బయటపడ్డాయి, 1997 జూన్‌లో ఆమె చనిపోయారు. ఏ రసాయనానికి ఏ గ్లోవ్ ఎంతసేపు ఆగుతుందో చూసి చెప్పడం ఇప్పుడు మీ అమ్మాయి చేరబోయే విభాగం పనే. మామూలు రోజుల్లో సేఫ్టీ వాళ్లు రియాక్షన్లు చేసేవాళ్లంత దగ్గరగా రసాయనాలతో మసలరు. ఏదైనా ఒలికినప్పుడు, పేరు తెలియని సీసా దొరికినప్పుడు మాత్రం ముందు వెళ్లేది వాళ్లే కావచ్చు. శిక్షణ లేకుండా పంపే చోటైతే చేరొద్దనండి.

నా దృష్టిలో అసలు కష్టం మనుషులతో. "ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం" అనే పెద్ద సైంటిస్టు ముందు నిలబడి, కోపం తెప్పించకుండా, వెనక్కి తగ్గకుండా మాట్లాడగలగాలి. కేవలం 'వద్దు' అంటే రెండోసారి ఎవరూ అడగరు, చాటుగా చేసుకుంటారు. తక్కువ విషమున్న సాల్వెంట్ దొరుకుతుందా, పరిమాణం తగ్గించొచ్చా అని కలిసి ఆలోచిస్తే వాళ్లే పిలుస్తారు. టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో 2010లో పేలే స్వభావమున్న ఒక పెర్క్లోరేట్‌ను 100 మిల్లీగ్రాములు దాటి చేయొద్దని నోటిమాటగా అనుకున్నారు. తయారైంది దాదాపు 10 గ్రాములు. పేలుడులో ఒక విద్యార్థి మూడు వేళ్లు పోయాయి. ఆ హద్దు కాగితం మీద ఉండి, దాటే ముందు అడగాల్సిన మనిషి ఒకరుంటే కథ వేరేగా ఉండేదేమో.

చేరే ముందు రెండు సంగతులు తెలుసుకోమనండి. ప్రమాదం కనిపిస్తే పని ఆపించే అధికారం ఆమెకు ఉంటుందా? ఆ విభాగం ఎవరి కింద ఉంది? తనిఖీ చేయాల్సిన ల్యాబ్ పెద్దల కిందే ఉంటే ఆమె మాట ఎక్కువ దూరం పోదు. జీతం గురించి ఎలాగూ అడుగుతారు.

పీహెచ్‌డీ తలుపు మూసుకుపోదు, కాకపోతే ఏళ్లు గడిచేకొద్దీ బరువెక్కుతుంది. కొత్త అణువులు తయారు చేయాలన్న తపన ఉంటే ఈ ఉద్యోగంలో ఆమెకు ఊపిరాడదు, ఆ మాట ఆమెనే అడగండి. ఇందులోనే ఉంటే ఇండస్ట్రియల్ హైజీన్ (పనిచేసే చోట ఆరోగ్య రక్షణ), ప్రాసెస్ సేఫ్టీ (ఫ్యాక్టరీల్లో పేలుళ్లు, లీకులు జరగకుండా చూడటం) వైపు ఎదగొచ్చు. మొదట్లో నెబోష్ అనే బ్రిటిష్ సంస్థ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్, కొన్నేళ్ల అనుభవం వచ్చాక సీఐహెచ్ (సర్టిఫైడ్ ఇండస్ట్రియల్ హైజీనిస్ట్) అర్హత పనికొస్తాయి. ఉద్యోగం రాకముందే సర్టిఫికెట్లు పోగేయడం దండగ.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టండి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ సేఫ్టీ డేటా షీట్ (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే పత్రం) చదవమనండి. 16 విభాగాలుంటాయి, చాలామందికి రెండో పేజీలోనే ఆవలింత వస్తుంది. ఆ యాసిడ్ చర్మం దాటి లోపలి కాల్షియంను పట్టుకుంటుందని, పలచటిదైతే నొప్పి గంటల తర్వాత గానీ తెలియకపోవచ్చని, నీళ్లతో కడిగి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఆమె చెబుతుంది. అక్కడితో ఆగిపోకుండా, "మరి ఆ ల్యాబ్‌లో జెల్ ఎక్కడ పెడతారో, దాని గడువు ఎవరు చూస్తారో" అని తనంతట తానే అంటే మీవాళ్ల మాట పక్కన పెట్టి పంపించండి.